సవరణ: ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ పట్టే తీరు

మామూలు బ్రష్ నుంచి ఎలక్ట్రిక్‌కు మారేవాళ్ల కోసం పెట్టిన పోస్టులో "చిగురు అంచున 45 డిగ్రీల వంపులో పెట్టి, చిన్నచిన్నగా ముందుకూ వెనక్కూ కదపాలి" అని ఉంది. అది చేతి బ్రష్ పద్ధతి. ఎలక్ట్రిక్‌కు ఇలా చదువుకోండి.

ఓరల్-బి లాంటి గుండ్రటి తల ఉన్నవాటిని ఒక్కో పంటి మీద ఆనించి, రెండు మూడు సెకన్లు ఉంచి, చిగురు వెంబడి పక్క పంటికి జరపాలి. రుద్దే పని మోటారుదే. పొడవాటి తల ఉండి, చాలా వేగంగా కంపించే సోనిక్ రకానికి 45 డిగ్రీల వంపు సరైనదే, కాకపోతే మెల్లగా జరిపితే చాలు. పాత అలవాటుతో గట్టిగా అదిమితే బ్రిసిల్స్ (బ్రష్ పోచలు) ఆడవు, చిగుళ్లూ దెబ్బతింటాయి. మూడు నెలలు నిండకుండానే బ్రిసిల్స్ విచ్చుకుపోయాయంటే అదిమి పడుతున్నారన్నమాటే.

మొత్తం రెండు నిమిషాలు తోమాలన్న లెక్క మారలేదు. చాలా మోడళ్లు 30 సెకన్లకోసారి చిన్నగా ఆగి గుర్తుచేస్తాయి. అప్పుడు నోట్లో మరో పావు భాగానికి వెళ్లాలి.

పేస్టు బఠాణీ గింజంత. బ్రష్ నోట్లో పెట్టాకే స్విచ్ వేయండి, తీసే ముందే ఆపండి. లేదంటే అద్దం నిండా తుంపర్లే!

బ్రష్ శుభ్రం గురించి ఆ పోస్టులో "తల కడిగితే సరిపోతుంది" అన్నదీ అసంపూర్ణమే. తల ఊడదీసి లోపలి గొట్టాన్నీ, హ్యాండిల్ మీది లోహపు కడ్డీనీ కడిగి తుడవాలి. అక్కడికి దిగిన పేస్టు నీళ్లు నల్లటి జిగురుగా పేరుకుంటాయి. బోరు నీళ్లయితే తెల్లటి ఉప్పు కూడా గడ్డకట్టి తల బిగుసుకుపోతుంది.