సవరణ: ఖాతాలు ‘కలపడం’ అంటే ఏం జరుగుతుంది

ధాన్యం డబ్బులు ఒక బ్యాంకులో, అమ్మ పింఛను ఇంకో బ్యాంకులో పడే మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఇళ్ల కోసం, ఆ ఖాతాల వివరాలన్నీ ఒకేచోట చూపేలా మేం చేస్తున్న యాప్ గురించి మొన్న రాశాం. అందులో "ఇంట్లో ఖాతాలన్నీ యాప్‌లో కలిపేయండి" అన్న వాక్యాన్ని ఇలా మారుస్తున్నాం: "ఎవరి ఖాతా వివరాలు చూపడానికి వాళ్లే అనుమతి ఇవ్వాలి." భార్య ఖాతా భర్త అనుమతితో కనపడదు. అలాగే ఉండాలని మా గట్టి అభిప్రాయం కూడా.

నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డు, యూపీఐ పిన్ మేం అడగం. మా పేరు చెప్పి ఎవరైనా ఫోన్‌లో అడిగితే వెంటనే ఫోన్ కట్ చేయండి. వివరాలు వచ్చేది అకౌంట్ అగ్రిగేటర్ అనే మధ్య సంస్థ దారిలో. దీనికి రిజర్వు బ్యాంకు 2016లో నిబంధనలు తెచ్చింది. లైసెన్సున్న ఆ మధ్య సంస్థ మీ లెక్కలను తాళం వేసిన సంచిలా బ్యాంకు నుంచి యాప్‌కు చేరుస్తుంది. తాను విప్పి చూడడానికి, దాచుకోవడానికి వీల్లేదు. ఏ ఖాతా, ఏ పనికి, ఎంతకాలం అన్నది అనుమతిలోనే రాసి ఉంటుంది. వద్దనుకుంటే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఈ దారిలో వివరాలే వస్తాయి, పైసా కదలదు.

ఇంకొకటి. బ్యాంకుల జాబితాలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు కోసం వెతకకండి. తెలంగాణలోని దాని శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత ఖాతాదారులు తెలంగాణ గ్రామీణ బ్యాంకు పేరే ఎంచుకోవాలి.