కృతజ్ఞత కావాలంటే ఐదు వేల కిలోమీటర్లు పోవాల్సిందే

నీళ్ల విలువ ఎట్లా తెలుస్తుంది అని నన్నెవరైనా అడిగితే ముందు పాస్‌పోర్ట్ ఉందా అని అడుగుతా. సొంతూళ్లో కూర్చుని కృతజ్ఞత నేర్చుకున్నోళ్లని నేనైతే చూళ్లేదు, ఒకవేళ ఉన్నా వాళ్ల దగ్గర ఫోటోలుండవు, ఫోటో లేని కృతజ్ఞతని ఎట్లా నమ్మాలో మీరే చెప్పండి.

పోయినేడు రెండు వారాలు టాంజానియా వెళ్లి అరూషా శివార్లలో వాలంటీరుగా చేసొచ్చా. వాలంటీరంటే ఊరికే పని చెయ్యడం అనుకునేరు, అది పాత పద్ధతి, ఇప్పుడు పనీ మనమే చేసి డబ్బులూ మనమే కట్టాలి, అదీ డాలర్లలో. మా ఊళ్లో కూలికి పోతే సాయంత్రానికి ఎదురు పైసలిస్తారు, అందుకే అక్కడ ఎంత చచ్చేట్టు చేసినా సేవ కింద లెక్కకి రాదు.

నాకిచ్చిన పని నీళ్లు మొయ్యడం. పొద్దున్నే ఇరవై లీటర్ల బకెట్ పట్టుకుని వీధి కుళాయి దగ్గరికి పోయి నింపుకొచ్చి స్కూలు వంటగదిలో పొయ్యాలి. అక్కడి ఆడవాళ్లు అంతే బకెట్ నెత్తిన పెట్టుకుని, చెయ్యి కూడా పట్టకుండా, ఫోన్ మాట్లాడుకుంటూ పోతుంటే నేను రెండు చేతుల్తో మోసి సగం నీళ్లు ప్యాంటుకి, పావు నేలకి, మిగిలింది స్కూలుకి ఇచ్చేవాణ్ణి. వంటామె నన్ను చూసి "పోలే పోలే" అనేది. స్వాహిలీలో నెమ్మదిగా, నెమ్మదిగా అని అర్థమట, కానీ నావి తెలంగాణ చెవులు కదా, ఊరికి పోలే, ఊరికి పోలే అని దెప్పుతున్నట్టే వినిపించేది. నిజమే, నానమ్మ దగ్గరికి పోయి మూడేళ్లయింది, లీవ్ దొరకట్లేదు.

సాయంత్రం అందరం గుండ్రంగా కూర్చోవాలి, దాన్ని గ్రాటిట్యూడ్ సర్కిల్ అంటారు, ఒక్కొక్కళ్లు ఇన్నాళ్లూ పట్టించుకోని ఒక వస్తువుకి థాంక్స్ చెప్పాలి. నెదర్లాండ్స్ అమ్మాయి వేడినీళ్ల షవర్‌కి చెప్పి ఏడ్చింది. నా వంతు వచ్చేసరికి నేను హైదరాబాద్‌లో మా ఫ్లాట్ నల్లాకి చెప్పి, కొంచెం గొంతు వణికించా, చప్పట్లు బాగానే పడ్డాయి. చెప్పని ముక్క ఒకటుంది. 2004 నుంచి హైదరాబాద్‌కి వస్తున్న కృష్ణా నీళ్లు మా నల్గొండ జిల్లా మీదుగానే పైపుల్లో వస్తాయి, అంటే మా నానమ్మ బోరు నీళ్లు తాగుతున్న రోజుల్లో మంచినీళ్లు ఆమె జిల్లా దాటుకునే నా షవర్‌లోకి వచ్చాయన్నమాట. అది చెబితే సర్కిల్ మూడ్ పాడవుతుందని ఆపేశా.

ఇప్పుడు అసలు సంగతి. అరూషా పక్కనే మేరు పర్వతం ఉంటుంది, పేరు మన పురాణాల్లో దేవతలుండే కొండదే, కానీ ఇది అగ్నిపర్వతం, దాని రాళ్లలోంచి నీళ్లలోకి దిగేది అమృతం కాదు, ఫ్లోరైడ్. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటారు, ఆ చుట్టుపక్కల చాలా చోట్ల అంతకన్నా ఎక్కువే. పిల్లలు నవ్వితే పళ్లు గోధుమరంగులో కనిపిస్తాయి. ఆ పళ్లు నాకు కొత్త కాదు, మా మర్రిగూడ బడి గ్రూపు ఫోటోలో అందరివీ అవే, కాకపోతే మా దగ్గర అగ్నిపర్వతం బదులు గ్రానైట్ బండలు.

ఒకరోజు నీళ్లు శుద్ధి చేసే షెడ్‌కి తీసుకెళ్లారు. అక్కడి పెద్దాయన రెండు బకెట్లు పెట్టి, ఒకదాంట్లో పటిక, సున్నం కలిపి కర్రతో ముందు గిరగిరా, తర్వాత మెల్లగా తిప్పి, తెల్లటి తెట్టు అడుక్కి దిగేదాకా ఆగి, పై నీళ్లు గుడ్డలోంచి రెండో బకెట్‌లోకి వంపాడు. వంపుతూ గర్వంగా "దీన్ని నాల్గోండా అంటారు" అన్నాడు.

నేను అది మా జిల్లా పేరండీ అన్నా. ఆయన కర్ర పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, రెండు చేతుల్తో నా చెయ్యి పట్టుకున్నాడు. "అయితే మాకు ట్రైనింగ్ ఇవ్వడానికొచ్చారా?" కాదండీ, కృతజ్ఞత నేర్చుకోడానికొచ్చా. ఆయనకి అర్థం కాలేదు, ఇంకోసారి అడిగాడు, ఇంకోసారి చెప్పా, చెబుతుంటే నాకూ అర్థం కావడం మానేసింది. మీ ఊళ్లో ఇంటింటికీ ఈ బకెట్లుంటాయా అని కూడా అడిగాడు. నాగ్‌పూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థవాళ్లు 1970ల్లో మా జిల్లా పేరుతో తయారుచేసిన పద్ధతిని నేను మొదటిసారి చూడటం ఆఫ్రికాలో అని ఏ మొహంతో చెప్పను, ఉంటాయండీ అనేశా.

నిజానికి మా జిల్లావాళ్లకి బకెట్ కన్నా బ్యాలెట్ ఎక్కువ అచ్చొచ్చింది. 1996లో నల్గొండ లోక్‌సభ సీటుకి 480 మంది నిలబడ్డారు, చాలామంది గెలవడానికి కాదు, మాకు తాగే నీళ్లు లేవని ఢిల్లీకి వినపడటానికి. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయ్యి ఎన్నికే వాయిదా పడింది. దానికి దేశం వెంటనే స్పందించింది, అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000కి పెంచారు. (స్వాహిలీలో నీళ్లని "మాజి" అంటారు, మన దగ్గర మాజీలు ఎందుకంతమందో అప్పుడర్థమైంది.)

వచ్చాక, అదేంటో లీవ్ దొరికింది, నానమ్మని చూడటానికి పోయా. ఇంట్లో ఇప్పుడు భగీరథ నల్లా ఉంది, మంచినీళ్లే వస్తున్నాయి, కానీ నీళ్లు మారినంత మాత్రాన ఫ్లోరైడ్‌కి వంగిన ఎముకలు లేవవు కదా, ఆమె గడప దాటాలంటే గోడ పట్టుకోవాల్సిందే. ఫోన్‌లో ఫోటోలు చూపించా. ఒక్కోదాన్ని దగ్గరికి పెట్టుకుని చూసి అడిగింది.

"ఆడ ఏం పని జేసినవ్ బిడ్డా?"

"నీళ్లు మోసిన నానమ్మా."

"ఎంతిచ్చిన్రు?"

"నేనే కట్టిన."

చాలాసేపు ఏం అనలేదు. తర్వాత వాకిట్లో నల్లా కింద నిండిన ఇత్తడి బిందె చూపించి లోపల పెట్టమంది. ఇత్తడిది ఖాళీగా ఉంటేనే బరువు, నిండితే చెప్పక్కర్లేదు. ఎత్తి నడుం మీద పెట్టుకుని, అరూషాలో నేర్చుకున్నట్టే పోలే పోలే అనుకుంటూ గడప దాకా వచ్చా, అక్కడ కాలు తగిలింది.

"సగం ఈడనే ఒలకవోస్తివి గదరా. పైసలు గట్టి మరీ ఏం నేర్సుకొచ్చినవ్?"