పక్షుల బింగో కార్డు మీరే గీయండి

ఇంటిల్లిపాదినీ, పదిమంది స్నేహితులనూ ఒకేసారి పక్షుల వైపు తిప్పాలంటే బింగోను మించిన ఆట లేదని నా గట్టి నమ్మకం. గడుల కార్డులో ఉన్న పక్షి కనిపించగానే ఆ గడికి టిక్కు పెట్టాలి, అడ్డంగానో, నిలువుగానో, ఐమూలగానో ఒక వరుస నిండితే బింగో. అందుకే ఇంటర్నెట్‌లో దొరికిన కార్డును ముద్రించి పిల్లల చేతుల్లో పెట్టి "వెళ్లి వెతకండి" అనేవారిని చూస్తే ఒళ్లు మండుతుంది. ఉత్తర అమెరికాలో పెరళ్లకు వచ్చే ఎర్రటి కార్డినల్ పక్షి బొమ్మ ఇచ్చి, దాన్ని మరో ఖండంలో వెతకమంటే ఎలా దొరుకుతుంది? గంటసేపు తిరిగినా గడి నిండకపోతే ఆ పిల్లవాడు లోపం తనలోనే ఉందనుకుంటాడు. కార్డు తప్పని వాడికెవరు చెబుతారు?

ఆట ఆడబోయే చోటికి ముందుగా ఒకసారి, అదే వేళకు వెళ్లి రండి. కుదరకపోతే ఈబర్డ్ వెబ్‌సైటు చూడండి. ఏ ప్రాంతంలో ఏ పక్షి ఏడాదిలో ఎప్పుడెప్పుడు ఎంత తరచుగా కనిపిస్తుందో వారాలవారీగా పట్టీలు గీసి చూపిస్తుంది. వలస పక్షులు తిరిగి వెళ్లిపోయిన నెలలో వాటిని కార్డులోకి ఎక్కించే పొరపాటు అక్కడే తప్పుతుంది. తెల్లవారాక మొదటి రెండు మూడు గంటలే ఆటకు మంచి సమయం. మధ్యాహ్నం ఎండలో పక్షులు కొమ్మల్లోకి చేరి కదలవు.

25 గడుల కార్డు చిన్నపిల్లలకు బరువు. నాకు నచ్చింది నాలుగు నాలుగుల 16 గడులది. అందులో నాలుగు కష్టమైన పక్షులను ఎక్కడ పెడతామన్నదే కీలకం. పై వరుసలో 1వ గడి, రెండో వరుసలో 3వది, మూడో వరుసలో 4వది, కింది వరుసలో 2వది. ఇలా పెడితే అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఉన్న 10 వరుసల్లో ప్రతిదానిలోనూ సరిగ్గా ఒక కష్టమైన పక్షి పడుతుంది. సులువైన పక్షులతోనే ఎవరూ గెలవలేరు, ఏ వరుసా మరీ అసాధ్యంగానూ ఉండదు. మిగిలిన 12 గడులను ఒక్కో కార్డులో ఒక్కో రకంగా తారుమారు చేయండి. అందరి కార్డూ ఒకటే అయితే ఒకరు వేలు చూపిన పక్షికి అందరూ టిక్కు పెట్టుకుంటారు, ఆట అందరికీ ఒకేసారి ముగిసిపోతుంది.

ఇక అసలు సంగతి. గడిలో పేరు ఒక్కటే రాయకండి, ఆ పక్షి చేసే పని కూడా రాయండి. కాకి, పావురం, పిచ్చుక అని రాస్తే ఆ గడులు గేటు దాటకముందే నిండిపోతాయి, ఆ తర్వాత వాటి వంక ఎవరూ తల తిప్పరు. "నీళ్లు తాగుతున్న పావురం" అని రాసి చూడండి. చాలా పక్షులు ముక్కుతో కాస్త నీరు తీసుకుని, తల పైకెత్తి మింగుతాయి. పావురం అలా కాదు, ముక్కు నీటిలో ముంచి, తల ఎత్తకుండా పీల్చేస్తుంది. ఇది కళ్లారా చూసిన పిల్లలు పక్కనే తాగుతున్న కాకి ఎలా తాగుతోందో తమంతట తామే చూస్తారు. "నడిచే గోరింక, గెంతే పిచ్చుక" ఒక గడి. "మెడ మడుచుకుని ఎగిరే తెల్లకొంగ" మరొకటి. "రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్న నీటికాకి" ఇంకొకటి. రోజూ చూసే పక్షులు కూడా కొత్తగా కనిపించడం మొదలవుతుంది. నాకు ఈ ఆట మీద ఇంత పట్టుదల అందుకే.

కోకిల గడిలో నల్లపక్షి ఒక్కటే వేయకండి. ఒంటినిండా తెల్లచుక్కలున్న గోధుమరంగు ఆడకోకిల ఎదురుగా వాలినా, అది కోకిల కాదనుకుని వదిలేస్తారు. రెండు బొమ్మలూ వేయాల్సిందే.

రెండు మూడు గడులు చెవికి కేటాయించండి. వడ్రంగి పిట్ట చెట్టు మీద కొట్టే దరువు, ఒకదానికొకటి బదులు పలికే రెండు కూతలు. చూపు తగ్గిన తాతయ్యలు, నడవలేక బెంచీ మీద కూర్చున్న అమ్మమ్మలు అప్పుడు ఆటలో నిజంగా ఉంటారు. ఒక పెద్ద, ఒక చిన్న కలిసి ఒకే కార్డు పట్టుకోవాలి. ఇద్దరూ చూస్తేనో, వింటేనో టిక్కు. ఫోటో సాక్ష్యం అడగొద్దు, అడిగితే అందరి కళ్లూ ఫోను తెర మీదే ఉంటాయి. అనుమానం వస్తే "తోక ఎలా ఉంది? ఏం చేస్తోంది?" అని అడగండి. చూసినవాళ్లు చెప్పగలరు.

మొదట గెలిచినవారికి బహుమతి అన్నారంటే పిల్లలు పరుగెడతారు, పక్షులు ఎగిరిపోతాయి. వరుస నిండినవారు "బింగో" అని అరవకుండా చెయ్యి ఎత్తితే చాలు. అక్కడితో ఆపకుండా సమయం అయ్యేదాకా ఆడించి, బృందమంతా కలిసి ఎన్ని గడులు నింపిందో లెక్కపెట్టండి.

ఒక విషయంలో మాత్రం నేను రాజీపడను. గూడు, గుడ్లు, పక్షిపిల్లలు అనే గడి ఏ కార్డులోనూ ఉండకూడదు. పదిమంది గూటి దగ్గర మూగితే తల్లి లేచిపోతుంది. గుడ్లు చల్లబడవచ్చు, లేదా ఎండకు వేడెక్కవచ్చు. ఈలోగా కాకి కన్ను వాటి మీద పడవచ్చు. ఫోనులో కూత వినిపించి పక్షిని రప్పించడం కూడా వద్దు. తన హద్దులోకి మరో పక్షి చొరబడిందనుకుని అది మేత, పిల్లలు అన్నీ వదిలి వస్తుంది. అలా వచ్చిన పక్షికి టిక్కు లేదని ఆట మొదలుపెట్టే ముందే అందరికీ చెప్పండి.