మాత్రలు మానెయ్యమని చప్పట్లా?

మన సంఘం ఉగాది కవిసమ్మేళనంలో ఆ మాట విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. మీలో చాలామంది అక్కడే ఉన్నారు. పచ్చడి పంచడం అయ్యాక మా తమ్ముడు మైకు దగ్గరికెళ్లి, "మందులు వాడుతున్నాను, ఈ ఏడాది రాసింది ఇదొక్కటే" అని కవిత చదివాడు. వ్యాఖ్యాత నవ్వుతూ, "పిచ్చి ఉంటేనే కవి. ఆ మాత్రలు మానెయ్యండి, కవిత్వం అదే తన్నుకొస్తుంది" అన్నారు. హాలంతా చప్పట్లు. మా తమ్ముడూ నవ్వాడు.

మూడు వారాలకి వాడి బీరువా సర్దుతుంటే లిథియం స్ట్రిప్పులు రెండు దొరికాయి. బైపోలార్ అనే మూడ్ జబ్బుకి, అంటే మనసు ఒకసారి విపరీతంగా ఉప్పొంగి, ఒకసారి కుంగిపోయే జబ్బుకి వాడే మాత్రలవి. ఒక్క బిళ్ళ కూడా తీయలేదు. మీరు కప్పిన శాలువా మడతలోనే దాచాడు. "అక్కా, రాత్రికి రాత్రి పదకొండు రాశాను, చూడు!" అన్నాడు. చదివాను. మొదటి రెండింటిలో మంచి పాదాలున్నాయి. తర్వాత అక్షరాలు పెద్దవవుతూ పోయి, చివరి పేజీలో నాలుగు మాటలే పట్టాయి. తెల్లవారుజామున ఆటోలో ఇక్కడి బెంగళూరు మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌కి తీసుకెళ్లాను. హోసూరు రోడ్డు పొడుగునా వాడు ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నాడు.

అనంతపురంలో, ఇంటర్ చదివే రోజుల్లో వాడు నిద్ర మాని రాస్తుంటే అమ్మ "సరస్వతి వాడి నాలుక మీద కూర్చుంది, కదిలించకండి" అనేది. లేచి పాలు కాచి ఇచ్చేది. అమ్మను తప్పుపట్టలేను, ఆవిడకి అంతే తెలుసు. మనకి అంతకన్నా తెలుసు కదా.

కవులకీ ఈ జబ్బుకీ సంబంధమే లేదని నేననను. 1987లో అమెరికాలో నాన్సీ ఆండ్రియాసెన్ 30 మంది రచయితలను పరిశీలిస్తే 80 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు మూడ్ జబ్బు వచ్చిందని తేలింది. పోల్చి చూసిన ఇతరుల్లో అది 30 శాతమే. అయితే అది చిన్న పరిశీలన, ఇంటర్వ్యూలన్నీ ఆవిడే చేశారు. మరి మందు కవిత్వాన్ని చంపుతుందా? 1979లో డెన్మార్క్ డాక్టరు మోగెన్స్ షౌ లిథియం వాడుతున్న 24 మంది కళాకారులను అడిగారు. 12 మంది ఎక్కువ పని చేయగలుగుతున్నామన్నారు, 6 మంది తేడా లేదన్నారు, 6 మంది తగ్గిందన్నారు. ఆ చివరి ఆరుగురిలాగే మా తమ్ముడికీ రాత తగ్గిందేమో. అలాంటప్పుడు డాక్టరుకి చెప్పుకోవాలి, రక్తంలో లిథియం లెవెల్ చూసి ఆయన డోసు సర్దాలి. స్టేజీ మీద తేల్చే సంగతా అది?

కార్యవర్గం పెద్దలకి నా విన్నపం. వచ్చే ఉగాదికి వాడిని తప్పకుండా పిలవండి. ఒక్క కవితే తెస్తే ఆ ఒక్కటే వినండి. మాత్రల ఊసెత్తకండి.

వాడిప్పుడు రాత్రి తొమ్మిదికి మళ్లీ మాత్ర వేసుకుంటున్నాడు. నిన్న నోటుబుక్కులో నాలుగు పాదాలు రాసి మూడు కొట్టేశాడు. మిగిలిన పాదం నాకింకా చూపించలేదు.