పాలమూరు పద్ధతిలో మారియో

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి గేటు దగ్గర ఇంకో బోర్డు పెట్టాలని ప్రభుత్వాన్ని సవినయంగా కోరుతున్నాను. అందులో రాయాల్సింది ఇంతే: ‘1985లో జపానోళ్ళు తెచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటకు మూలం పాలమూరు ఆడవాళ్ళ సంసారం.’ ఆధారాలేవంటారా? ఉన్నాయి.

ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఎనిమిది లోకాలు, తాబేళ్ళు, పుట్టగొడుగులు, చెవిలోంచి ఇప్పటికీ దిగని ఆ పాట, అన్నీ కలిపి. మా బావ రోజూ పొద్దున అయిదింటికి పంపే గులాబీ పువ్వు గుడ్ మార్నింగ్ దానికంటే బరువు. పైగా అది దూకదు.

ఆ ఇరుకులో సర్దడానికి వాళ్ళు ఏం చేశారో తెలుసా? మబ్బు బొమ్మనే కిందికి దించి, ఆకుపచ్చ రంగేసి, పొద అన్నారు. ఏళ్ళ తరబడి ఆడినా నేను కనిపెట్టలేదు. అమ్మకు ఫోన్‌లో చూపిస్తే ఒక్క చూపుకే తేల్చేసింది: "గదే మబ్బు గాదుర, రంగేసిన్రు!" రాత్రి మిగిలిన గట్కలో పొద్దున మజ్జిగ పోసి కొత్త వంటలా పెట్టిన మనిషి ఆమె. మా ఇంట్లో చిరిగిన చీర ముందు ఉయ్యాల, తర్వాత బొంత, ఆఖరికి మసిగుడ్డ. ఒక్క బైటు వృథా పోలేదు.

ఇక పిల్లలమర్రి సంగతి. ఒక్క చెట్టు ఊడలు దిగి మూడెకరాలు పరుచుకుంది. 1984లో ఇంగ్లండులో ఇద్దరు విద్యార్థులు, డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్, సరిగ్గా ఇదే చేశారు. వాళ్ళ ‘ఎలీట్’ ఆట నడిచిన బీబీసీ మైక్రో అనే కంప్యూటర్‌లో ఉన్న జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. అందులో 8 నక్షత్రమండలాలు, ఒక్కోదానిలో 256 లోకాలు. ఏదీ ముందే రాసిపెట్టుకోలేదు, ఆరు బైట్ల అంకెను విత్తనంలా నాటితే లెక్కలోంచే లోకాల పేర్లు, వాటి రాజ్యం, సంతలో ధరలు మొలుచుకొచ్చేవి. నిజానికి ఆ లెక్కతో రెండున్నర కోట్ల కోట్లకు పైగా మండలాలు పుట్టించొచ్చు. అన్ని ఇస్తే ఉత్తుత్తివని జనం పసిగడతారని ప్రచురణకర్తలే ఎనిమిదికి కుదించారు. నమ్మరేమోనన్న భయంతో హామీలు తగ్గించుకున్న సంఘటన మన జిల్లాలో ఇంతవరకు నమోదు కాలేదు.

మన దగ్గర మాత్రం ‘9999 ఇన్ వన్’ క్యాసెట్ బాగా నడిచింది. అసలు ఆటలు చేతివేళ్ళకు సరిపోయేవి. మిగతావన్నీ అవే, ఒకటి రెండో మెట్టు నుంచి, ఇంకోటి బూట్లు ముందే తొడుక్కుని, పేరు మాత్రం కొత్తది. మోసమని అప్పట్లో అనుకున్నాను. తర్వాత ఓటు హక్కు వచ్చింది, ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి. ఆ క్యాసెట్ మీద గౌరవం పెరిగింది.

1978 నాటి ‘స్పేస్ ఇన్వేడర్స్’ ఆటలో ఇంకో వింత. శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరిగేది. కావాలని పెట్టింది కాదట. గీయాల్సిన బొమ్మలు తగ్గి యంత్రానికి ఊపిరాడేది, అంతే. రిటైరయ్యేవాళ్ళు పెరిగేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరిగే ఆఫీసు ఎక్కడైనా ఉంటే చెప్పండి, అక్కడికే దరఖాస్తు పెట్టుకుంటాను.

ఆ ఆటలు దయ లేనివి, అదీ ఒప్పుకోవాలి. మూడే ప్రాణాలు. ఎనిమిదో లోకం దాకా ఎక్కినంక కరెంటు పోతే మళ్ళీ మొదటికే, అదీ ఎండాకాలం పాలమూరులో. అయినా మొన్న ఒక బిల్లు కట్టే యాప్ ‘స్థలం చాలదు, ఖాళీ చేయండి’ అన్నప్పుడు నాకు యాదికొచ్చింది ఆ 40 కిలోబైట్లే.

సజ్జ మీంచి పాత క్యాసెట్ దింపాను. ఉఫ్‌మని ఊదాను. ఊదడం వల్ల ఏమీ కాదని, తీసి మళ్ళీ పెట్టడం వల్లే పనిచేసేదని తెలిసినవాళ్ళు చెప్తారు. దర్గాలో ఊదిస్తే దిష్టి పోతుందని పెరిగినవాణ్ణి, వింటానా? పెట్టి చూస్తే తెర నీలంగా నిలబడింది. కొత్త టీవీకి ఆ ఎర్ర, పసుపు పిన్నులు దూర్చే బొక్కే లేదు.

అమ్మ వంటింట్లోంచి అడిగింది: "ఊదినవా?"

"ఊదిన."

"టీవీని గూడ ఊది సూడరాదు!"