ఫుషిమి హిరోయాసు ఉత్త అలంకారం కాదు

జపాన్‌కు చెందిన ఫుషిమి హిరోయాసును పేరుకు మాత్రమే నౌకాదళాధిపతి అని మీ వ్యాసంలో తేల్చేశారు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. రాచకుటుంబంలో పుట్టినా ఆయన జర్మనీలో నౌకా విద్య నేర్చుకుని, ఓడల మీద నిజంగా పనిచేసినవాడు. 1904 ఆగస్టులో రష్యాతో జరిగిన పసుపు సముద్ర యుద్ధంలో జపాన్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ టోగో ఉన్న మికాసా యుద్ధనౌక మీదే గాయపడ్డాడు. శత్రువు గుండు తగిలిందని అప్పట్లో ప్రకటించారు. సొంత ఫిరంగి గొట్టమే పేలిందని తర్వాతి చరిత్రకారుల మాట.

సైన్యం 1931లో కాన్‌ఇన్ యువరాజును తన జనరల్ స్టాఫ్ (యుద్ధ ప్రణాళికలు చూసే విభాగం) అధిపతిని చేసుకుంది. దానికి దీటుగా నౌకాదళం 1932లో తన జనరల్ స్టాఫ్ అధిపతిగా ఫుషిమిని తెచ్చుకుంది. అక్కడిదాకా మీతో ఏకీభవిస్తాను. కానీ 1933లో నౌకాదళ మంత్రిత్వశాఖ అధికారాలు కొన్ని నౌకాదళ జనరల్ స్టాఫ్ చేతికి వచ్చాయంటే ఈయన పట్టుబట్టినందువల్లే. రాజవంశీకుడికి ఎదురుచెప్పే ధైర్యం ఎవరికుంటుంది? నౌకాబలంపై ఒప్పందాల పరిమితులు వద్దన్న వర్గానికి అండ కూడా ఈయనే. 1941 ఏప్రిల్‌లో దిగిపోయాడు, పెర్ల్ హార్బర్‌లోని అమెరికా నౌకాస్థావరంపై జపాన్ దాడి అదే ఏడు డిసెంబరులో. ఆ తొమ్మిదేళ్ల గురించి వ్యాసంలో రెండు వాక్యాలేనా?