ముందు ఆలోచించండి, షేర్ చేయడం తర్వాత

ఒక మెసేజ్ తిరుగుతోంది: "పేషెంట్ల ప్రాణాలతో ఆటలా?" అని పెద్ద హెడ్డింగు, కింద అయిదు పాయింట్లు, చివర "ఆలోచించి షేర్ చేయండి". షేర్ చేసినవాళ్లెవరూ మొదటి పని చేసినట్టు లేదు. వైకల్యం ఉన్నవాళ్లను డాక్టర్లు కానివ్వకూడదని దాని సారాంశం. పంపేదంతా మంచి మనసున్న మిత్రులే, అదే నా బాధ.

వీల్‌చైర్‌లో కూర్చుని ఆపరేషన్ ఎలా చేస్తారట. మేరీ వర్గీస్ చేశారు. 1954లో ప్రమాదం జరిగి నడుము కింద చచ్చుబడ్డాక, వెల్లూరులో చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. అయినా డాక్టరంటే సర్జనేనా? మోకాలి ఆపరేషన్‌కి సైకియాట్రిస్టు దగ్గరికి ఎవరూ వెళ్లరు కదా.

చూపు, వినికిడి లేకపోతే అసలు కుదరదట. పుట్టుకతోనే చూపు లేని జేకబ్ బొలోటిన్ 1912లో షికాగోలో వైద్య విద్య పూర్తిచేసి, గుండె, ఊపిరితిత్తుల జబ్బుల్లో నిపుణుడిగా పేరు తెచ్చుకున్నారు. ఇక స్టెతస్కోపు సంగతి: చప్పుడును పెంచి వినిపించేవి ఉన్నాయి, తెరమీద గీతలుగా చూపించేవీ ఉన్నాయి.

పరీక్షలో అదనపు టైమ్ అడిగేవాళ్లు ఎమర్జెన్సీలోనూ అడుగుతారన్నది మూడోది. డిస్లెక్సియా ఉన్న విద్యార్థికి కష్టం పేరాలు చదవడంలో. ఊపిరాడని మనిషి నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నపత్రం పట్టుకుని రాడు.

నాకు మండింది నాలుగో దానికి. డిప్రెషన్, ఫిట్స్, వినికిడి లోపం ఉన్నవాళ్లను అడ్మిషన్ దగ్గరే ఏరిపారేయాలట. సరే, ఏరండి. మర్నాటి నుంచి ఎవరూ తమ జబ్బు బయటికి చెప్పరు. మాస్కు వెనక నుంచి సీనియర్ చెప్పిన డోసు సగమే వినబడినా హౌస్ సర్జన్ తలూపేస్తాడు. "మళ్లీ చెప్పండి సార్" అంటే దొరికిపోతానని భయం. డిప్రెషన్‌తో కుంగిపోతున్న పీజీ, రికార్డుల్లోకి ఎక్కుతుందని సైకియాట్రిస్టు గడప తొక్కడు. ఫిట్స్ ఉన్న అమ్మాయి వరసగా నైట్ డ్యూటీలు చేస్తూనే ఉంటుంది, నిద్ర లేకపోతే ఫిట్స్ వస్తాయని తెలిసి కూడా. అదే భయం లేకుండా చెప్పుకోగలిగితే చాలావరకు చిన్న సర్దుబాట్లతో సరిపోయేది: పెదవులు కనబడే మాస్కు, డోసు రాసి చూపించడం, డ్యూటీలు మార్చడం. పేషెంటుకు ప్రమాదం జబ్బుతోనా, జబ్బును దాచుకోవాల్సి రావడంతోనా? పైగా మీ వడపోత అడ్మిషన్ రోజున ఆగిపోతుంది, జబ్బులు ఆగవు. మేరీ వర్గీస్ ప్రమాదం నాటికే డాక్టరు. చత్వారం వచ్చిన సర్జన్ కళ్లజోడు పెట్టుకుంటే అనుభవజ్ఞుడు, ఇరవై ఏళ్ల అమ్మాయి హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటే ప్రాణాలతో ఆటా?

అయిదోది, ర్యాంపులకూ లిఫ్టులకూ ఖర్చెక్కువట. ఆసుపత్రిలో వీల్‌చైర్ వెళ్లే దారి లేకపోతే పేషెంట్లు ఎటునుంచి వస్తున్నారో పాపం.

అయితే ఆ మెసేజ్‌లో ఒక్క వాక్యం నిజం: "జాలితో సీటు ఇవ్వకండి." ఒప్పుకుంటాను. సీటిచ్చి, కావాల్సిన పరికరం ఇవ్వకుండా, రౌండ్స్‌లో ఓ మూల నిలబెట్టి "నువ్వు చూస్తే చాలమ్మా" అని పాస్ చేసేస్తే, అలా వచ్చిన డాక్టరు దగ్గరికి వెళ్లడానికి నాకూ భయమే. కొన్ని పనులు కొందరు చేయలేరు కూడా. ఫిట్స్ అదుపులో లేనివాళ్లు కత్తి పట్టకూడదు, ఇందులో వాదన లేదు. కానీ అది వైకల్య సర్టిఫికెట్ మీది శాతం చూసి తేల్చేది కాదు. ఏ పని ఎలా చేస్తావు, నీకేం కావాలి అని ఆ మనిషినే కూర్చోబెట్టి అడగాలి. అడిగింది సమకూర్చాలి. ఆ తర్వాత పని చేయించి చూడాలి. అప్పటికీ రాకపోతే ఫెయిల్ చేయండి, మిగతావాళ్లను చేసినట్టే.